రంగు నిలవని గుమ్మం

ఆ వీధి పిల్లలకు ఆయన బ్రష్షు మామయ్య. పెద్దవాళ్ళకు రంగుల మేస్త్రీ. ఇల్లాలికి మాత్రం ఏ పేరూ అక్కర్లేదు. "ఏవండీ, ఆ గోళ్ళు కడిగారా?" అని కేకేస్తే చాలు, ఎవర్ని పిలిచిందో వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. కడిగినా లాభం లేదు లెండి. పెళ్ళినాటి నుంచీ ఆ గోళ్ళ సందుల్లో ఎవరింటి రంగో ఒకటి కాపురముంటూనే ఉంది.

పైకప్పులకు రంగు కొట్టీ కొట్టీ ఆయన మెడ కాస్త వెనక్కి వాలి అక్కడే స్థిరపడిపోయింది. చర్చిలో అందరూ తలలు దించుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన ఒక్కడే పైకి చూస్తుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత భక్తి!" అనుకుంటారు. ఫ్యాను పక్కన చెమ్మ మచ్చను చూస్తున్నాడని పాతవాళ్ళకు తెలుసు.

ఆదివారం బడికి ఆయన పంతులు కావడం కూడా ఆ మెడ చలవే. పిల్లలకు కథలు చెప్పే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక, చర్చి అయ్యగారు "ఎవరైనా ముందుకొస్తారా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ చెయ్యెత్తి, దూలం దగ్గర పెచ్చు లేచిన చోటు పక్కవాడికి చూపిస్తున్నాడు. అందరూ చప్పట్లు కొట్టేశారు. కాదనడానికి మొహమాటం అడ్డొచ్చింది. అలా పంతులైపోయాడు.

అయితేనేం, పిల్లలకు ఆయన పాఠమంటే ప్రాణం. వడిసెల రాయితో ఓ కుర్రాడు పడగొట్టిన ఆజానుబాహువు కథ చెప్పిన రోజున నిచ్చెనెక్కి గోడ మీద గీత గీసి, "ఇదిగో, వాడి ముక్కు ఇక్కడి దాకా వస్తుంది" అన్నాడు. జలప్రళయంలో జంతువులనెక్కించిన ఓడ కథ రోజున ఖాళీ డ్రమ్ములో పిల్లినీ కుక్కపిల్లనూ కలిపి కూర్చోబెట్టి, చేతులనిండా గీతలు పడి ఇంటికొచ్చాడు. నోటితో చెబితే చెవిలోంచి జారిపోతుంది, చేసి చూపిస్తే బుర్రలో నిలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆ ఆదివారం ఆయన పీకల మీదికి తెచ్చింది.

ఆ వేళ ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పాత్ర అందుకునే రోజు. పెద్దవాళ్ళు ఆ రొట్టె ముక్క నోట్లో వేసుకుని మూతి తుడుచుకుని పోతున్నారని, ప్రభువు బల్ల అనే ఆ విందు అసలు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకైనా తెలియాలని అయ్యగారి పట్టుదల. "మేస్త్రీ, పస్కా పండుగ గురించి చెప్పు. బాగా మనసుకు పట్టేలా చెప్పు" అన్నారు.

మేస్త్రీ తన ఇంటి అరుగు మీద పిల్లల్ని పోగేసి చెప్పాడు. ఐగుప్తులో, అంటే ఈజిప్టు దేశంలో, యూదుల పూర్వీకులు బానిసలుగా మగ్గుతున్నారు. వదలమంటే రాజు వదలడు. చివరికి ఆ రాత్రి దేశమంతటా ప్రతి ఇంటి పెద్ద కొడుకూ చనిపోతాడని కబురొచ్చింది. "మీరు మాత్రం మచ్చలేని గొర్రెపిల్లను కోసి, దాని రక్తం గుమ్మానికి అటూ ఇటూ పైనా పూయండి. ఎముక ఒక్కటీ విరగ్గొట్టకుండా కాల్చి తినండి. నడుం బిగించుకుని, చెప్పులేసుకుని, బయల్దేరేవాళ్ళలా తినండి" అన్నాడు దేవుడు. రక్తం ఉన్న గుమ్మాన్ని చావు దాటిపోయింది. తెల్లారేసరికి వాళ్ళు స్వతంత్రులై దారిన పడ్డారు. తరతరాలుగా ఆ విందు చేసుకుంటూనే ఉన్నారు. యేసు తన స్నేహితులతో చివరిసారి తిన్నదీ ఆ విందే. అందులోని రొట్టె తీసుకునే, ఇది నా శరీరం అన్నాడు. ఆ గొర్రెపిల్లలాగే ఆయన మన బదులు చనిపోయాడు, అందుకే మనం ఆయన్ని గొర్రెపిల్ల అంటాం.

అంతటితో ఆపితే ఆయన బ్రష్షు మామయ్య ఎందుకవుతాడు? నీళ్ళలో కలిసే రంగులో ఎర్ర స్టైనరు కలిపి డబ్బా సిద్ధం చేశాడు. "తడిగుడ్డతో తుడిస్తే పోతుందమ్మా" అని ఇంటింటా ఒప్పించి, పిల్లల చేత వీధి పొడుగునా గుమ్మాలకు ఎర్రటి పట్టీలు వేయించాడు. పిల్లల కేరింతలతో వీధి మార్మోగింది.

ఒక్క గుమ్మం వదిలేశాడు. అది పక్కింటిదే.

పక్కింట్లో ఉండేది ఇస్త్రీ అక్క. రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. భర్త పోయాక బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆమె చర్చికి రాదు, మరో చోటికీ పోదు. "నాకు తీరికేదీ? నా పెట్టె చల్లారితే నా పొయ్యి చల్లారుతుంది" అంటుంది. కొడుకు ఇప్పుడు ఊరి బయట మంచినీళ్ళ గొట్టాలు వేసే పనిలో ఉన్నాడు. మనిషి నిలువునా మునిగేంత గోతిలోకి దిగి గొట్టాల కీళ్ళు బిగిస్తాడు. వాడి మొదటి సంపాదనతో అక్క తలుపు బాగు చేయించాలనుకుంది. మేస్త్రీ "రేపొస్తానక్కా, ఎల్లుండొస్తానక్కా" అని తిప్పీ తిప్పీ ఆమె ఓపిక చూశాడు. ఆమె విసుగెత్తి అవతలి పేట నుంచి వేరే మేస్త్రీని పిలిపించి, తలుపుకూ గుమ్మానికీ వార్నిష్ వేయించింది. ఆ గుమ్మం అద్దంలా మెరిసేది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా మేస్త్రీకి అందులో తన మొహం కనిపించి వెక్కిరించేది.

రంగుల పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఇంకొకడు చేసిన కొత్త పని మీద మనం బ్రష్షు పెట్టకూడదు. పిల్లలు ఆ గుమ్మం దగ్గర ఆగినప్పుడు మేస్త్రీ ఆ మాటే చెప్పాడు. అంతటితో ఊరుకోక, పెదవి ఓ పక్కకు లాగి, "ఆ గుమ్మానికి వేరే మేస్త్రీ ఉన్నాళ్ళే. కావలిస్తే ఆయనొచ్చి పూసి కాపాడతాడు" అన్నాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు. అందరూ చర్చికి పోయారు.

ఆరాధన ముగిశాక మేస్త్రీ పెరటి కొళాయి దగ్గర బ్రష్షులు కడుక్కుంటున్నాడు. వెనక నుంచి పిలుపు వినిపించింది.

"మేస్త్రీ."

ఎప్పుడూ తమ్ముడూ అనే మనిషి. తిరిగి చూస్తే ఇస్త్రీ అక్క. చేతిలో ఫోను ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

"గొయ్యి కూలిందంట."

"ఏ గొయ్యక్కా?"

"ఇంకే గొయ్యి? గొట్టాల గొయ్యి. మావాడు పొద్దున్నే దిగాడు. ఫోను ఎత్తట్లేదు. సూపర్‌వైజరు చేశాడు. ముగ్గురు మట్టి కిందున్నారంట. ఎవరెవరో ఇంకా తెలీదంట."

మేస్త్రీ చేతిలోని బ్రష్షు బకెట్టులో పడింది. "ఆటో తెస్తా, పోదాం పద."

"దారి మూసేశారు. ఎవర్నీ రానివ్వట్లేదు, మేమే ఫోన్ చేస్తాం, ఇంట్లో ఉండు అన్నాడు." ఆమె గొంతు ఏ వణుకూ లేకుండా, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. "ముందు నాకో పని చేసిపెట్టు. ఆ ఎర్ర డబ్బా పట్టుకురా."

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి? వీధిలో అన్ని గుమ్మాలకూ పూశావు. నాదొక్కటే వదిలేశావు. నీ కథలో అలా వదిలేసిన ఇంట్లో పెద్ద కొడుక్కి ఏమైంది?"

ఇల్లాలు వంటింట్లోంచి పరుగున వచ్చి, సంగతి అర్థమై చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది వేరే మేస్త్రీ పనక్కా. కొత్త వార్నిష్. మా కట్టుబాటు..."

"కట్టుబాటా?" ఇస్త్రీ అక్క ఒక్క అడుగు ముందుకేసింది. "కిటికీ పక్కనే ఉన్నా. పెట్టెలో బొగ్గులు వేస్తున్నా. నువ్వు నవ్వావు."

మేస్త్రీ గోళ్ళ వైపు చూసుకున్నాడు. "నవ్వాను" అన్నాడు మెల్లగా.

"అయితే రా. పూయి."

"వేసెయ్యండి" అంది ఇల్లాలు రహస్యంగా, చెయ్యి గిల్లుతూ. "ఆ తల్లి గుండె కాస్త కుదుటపడుతుంది. మీ సొమ్మేం పోయింది?"

ముగ్గురూ పక్కింటి గుమ్మం ముందుకొచ్చారు. మేస్త్రీ బ్రష్షు ముంచాడు, ఎత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఈ పట్టీ వేశాక వాడు తిరిగొస్తే, ఈమె బతికినంతకాలం ఈ చెక్కకు దణ్ణం పెడుతుంది. రాకపోతే? ఆలస్యంగా వేసినందుకే పోయాడనుకుంటుంది. ఈమె సంగతి సరే, తనేమనుకుంటాడు? పొద్దున వేసి ఉంటే బతికేవాడేమో అన్న పురుగు అప్పటికే ఆయన బుర్రలో దూరింది. పాఠం చెప్పినవాడికే ఆ భయం పట్టుకుంది. డబ్బాలో ఉన్నది ఉత్త రంగని, తనే కలిపానని తెలిసి కూడా బ్రష్షు చెక్కకు ఆనించలేకపోయాడు.

"ఏంటి చూస్తావు? ఇటివ్వు!" అని అక్క బ్రష్షు లాక్కుంది. నిలువు చెక్క మీద పై నుంచి కిందికి బలంగా ఒక్క గీత గీసింది.

రంగు నిలవలేదు. చెమట బొట్లలా విడివిడిగా ముడుచుకుని, బొట్టు బొట్టుగా జారి, నేల మీద చిన్న మడుగు కట్టింది. గుమ్మం మళ్ళీ ఎప్పటిలా మెరిసింది.

ఆమె మళ్ళీ గీసింది. మళ్ళీ జారింది. అటు చెక్కకు పూసింది. అదీ అంతే. చెయ్యి మోచేతి దాకా ఎర్రగా అయింది గానీ గుమ్మానికి మరక పడలేదు.

"అంటట్లేదు" అంది. ఇప్పుడు ఆ గొంతు వణికింది. "చూశావా? నా గుమ్మానికి అంటట్లేదు. ఆయనకే ఇష్టం లేదు."

"దేవుడు కాదక్కా, నూనె!" మేస్త్రీ గభాలున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వార్నిష్‌లో నూనె ఉంటుంది. నూనె మీద నీళ్ళ రంగు నిలవదు. ఎవడు పూసినా నిలవదు. అయ్యగారొచ్చి పూసినా ఇంతే. పొద్దున్నే తెలుసు నాకు."

"అయితే నూనె రంగు తే."

మంచం కింద ఉంది. ఎవరి గేటుకో వేయగా మిగిలిన ఎర్ర ఎనామిల్. అది వేస్తే గీకినా పోదు. మేస్త్రీ ఒక కాలు తన ఇంటి వైపు వేశాడు కూడా. మళ్ళీ వెనక్కొచ్చి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"తేలేనక్కా. నన్ను తిట్టు, కొట్టు. నాకూ భయంగానే ఉంది. నీకంటే ఎక్కువ భయంగా ఉంది, ఎందుకంటే ఆ వెటకారం నాది. కానీ రంగుకు వాణ్ణి పైకి లాగే బలం లేదు. ఉందని చెప్పి పూస్తే నీకింకో అన్యాయం చేసినట్టు."

"మరి ఏం నేర్పావురా పిల్లలకి? నా చెవులు ఊరుకున్నాయా, అంతా విన్నాను. రక్తం పూసినోళ్ళు మంచోళ్ళు, పూయనోళ్ళు చెడ్డోళ్ళు, అంతేగా?"

"కాదు. అలా వినపడితే నేను తప్పు చెప్పాను." ఆయన నుదురు తుడుచుకుంటే అక్కడొక ఎర్ర చార పడింది. "వాళ్ళేం మంచోళ్ళు కాదక్కా. ఆ ఇంట్లో ఒక చావు ముందే జరిగిపోయిందని ఆ రక్తం చెబుతుంది. కొన్నాళ్ళు ఇంట్లోనే కట్టేసి, మేత పెట్టి పెంచిన గొర్రెపిల్ల. కొడుక్కి బదులు అది పోయింది. ఆ తర్వాత యేసు వచ్చి, ఇక ఆ గొర్రెపిల్ల నేనే అన్నాడు. అంటే ఇక ఏ తల్లీ గుమ్మాలు చూసుకుని వణకక్కర్లేదని..."

"చావు ముందే జరగడం లెక్కైతే, నా ఇంట్లో జరగలేదా? నా మొగుడు సున్నం బట్టీ దగ్గర కుప్పకూలి పోలా? అది ఏ లెక్కలోకీ రాదా?"

ఆదివారం బడిలో అయితే ఇలాంటప్పుడు మేస్త్రీ "మంచి ప్రశ్న, వచ్చే వారం చెబుతా" అనేవాడు. ఇక్కడ ఆ ఎత్తు పారదు.

నేల మీది ఎర్ర మడుగును అరచేత్తో తుడుస్తూ వేరే మాట అన్నాడు. "ఆ పండగ గురించి ఇంకో సంగతి ఉందక్కా. పొద్దున చెప్పలేదు, చిల్లర సంగతిలే అని దాటేశాను. సంసారం చిన్నదై, ఒక గొర్రెపిల్లను తినలేకపోతే, పక్కింటివాళ్ళతో కలిసి తినమని రాసుంది. వాళ్ళదో గొర్రెపిల్ల, వీళ్ళదో గొర్రెపిల్ల కాదు. ఇద్దరికీ ఒక్కటే. నేను డబ్బా పట్టుకుని వీధంతా తిరిగాను గానీ, పక్కింటి తలుపు కొట్టి, అక్కా ఇలా రా అనలేదు."

"ఇప్పుడంటావా?"

"ఇప్పుడంటాను. ఎక్కడ కూర్చుందాం? మా ఇంట్లోనా, మీ ఇంట్లోనా?"

"ఫోను సిగ్నలు నా కిటికీ దగ్గరే అందుతుంది" అని ఆమె లోపలికి నడిచింది.

కిటికీ చట్టం మీద ఫోను పెట్టారు. ఇల్లాలు టీ తెస్తే ఎవరూ ముట్టలేదు. ఊరికే కూర్చోలేక ఇస్త్రీ అక్క పెట్టె అందుకుంది. ఎవరిదో తెల్ల చొక్కా బల్ల మీద పరిచి, కాలరు మీద నెమ్మదిగా పోనిచ్చింది. మళ్ళీ పోనిచ్చింది. మళ్ళీ అదే కాలరు. మేస్త్రీ చూస్తూనే ఉన్నాడు గానీ ఆపే ధైర్యం చాల్లేదు. ఇల్లాలు పెదవులు కదిలిస్తూ గోడ వైపు తిరిగింది. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. "నా ఇల్లు దాటిపోయింది! నీదీ దాటిపోయింది!" అని గుమ్మం గుమ్మానికీ పరుగెడుతూ అరుస్తున్నారు. మేస్త్రీ లేచి కిటికీలోంచి చేయూపి వాళ్ళను తరిమేశాడు. వాళ్ళకేం తెలుసు, మామయ్య నేర్పిన ఆటేగా.

గది నిండా మాడు వాసన వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరి గుడ్డా కాల్చని మనిషి, తెల్ల కాలరు మీద గోధుమ రంగు మచ్చ వేసింది. వేసి, దాని వైపే చూస్తూ నిలబడింది.

ఫోను మోగింది.

"నువ్వెత్తు తమ్ముడూ" అంది, పెట్టె కింద పెట్టకుండానే.

మేస్త్రీ మీట నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల గోల, యంత్రాల మోత. ఆ మోతలోంచి, "అమ్మా" అని వినిపించింది.

ఆమె కదల్లేదు.

"అమ్మా, నేనే. నా ఫోను పోయింది. చొక్కా గోతి అంచున తగిలించాను, దాంతోపాటు మట్టిలో... ఇది సూపర్‌వైజరు ఫోను. అమ్మా, వినపడుతుందా?"

"ఎక్కడున్నావురా?"

"పైనే ఉన్నా. రబ్బరు రింగులు అయిపోతే స్టోరుకెళ్ళా. వచ్చేసరికి... ఇద్దర్ని ప్రాణాలతో లాగారు. పొట్టోడు లేడమ్మా."

"ఏ పొట్టోడు?"

"మొన్న చేరినోడు. నా వంతులో వాడు దిగాడు. రింగులు నేను తెస్తా అని నేనే అంటే, 'నువ్వెళ్ళిరా అన్నా, నీ పని నేను చూస్తాలే' అన్నాడు. నేను ఆస్పత్రికి వెళ్తున్నా, వాడితోపాటు. వాళ్ళమ్మకు ఇప్పుడే ఫోన్‌లో చెప్పారు. ఆవిడొక్కతే ఉంటుందమ్మా. రైలు గేటు దాటాక పిండిమర వెనక."

లైను తెగిపోయింది.

"స్తోత్రం!" ఇల్లాలు రెండు చేతులూ పైకెత్తింది. "బతికాడు వదినా! దేవుడు కాపాడాడు!"

మేస్త్రీ నాలుక మీదికి కూడా ఆ మాటే వచ్చింది. అక్కడే ఆగిపోయింది. వేలసార్లు పలికిన మాట, కొడుక్కి బదులు అది పోయింది అని పిల్లలకు నవ్వుతూ చెప్పిన మాట, మొదటిసారి బరువెక్కింది. ఆ పిల్లాడు ఎవరికీ గొర్రెపిల్ల కాదు. వాడికీ ఒక తల్లి ఉంది. ఈ రెండు సంగతులూ ఎలా కలపాలో ఆయనకు తెలియలేదు.

ఇస్త్రీ అక్క బల్ల పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఒక్కసారి భోరుమంది. అంతే, చెంగుతో మొహం తుడిచేసుకుంది. "గట్టిగా అనకమ్మా" అంది. "అక్కడ ఇంకొకామె ఉంది." లేచి, పెట్టెలో బొగ్గుల మీద నీళ్ళు చల్లింది. బుస్సుమని ఆవిరి లేచింది. "తమ్ముడూ, ఆటో తెస్తానన్నావుగా. తే."

దారిలో ఆమె ఒక్కసారే మాట్లాడింది. "అక్కడ పాఠం చెప్పకు."

"చెప్పనక్కా."

"మంచి చోటుకి పోయాడని, ఏదో మేలుకే అని, అవేవీ వద్దు."

"నోరు విప్పను."

పిండిమర వెనక సందు ఇరుకు. ఆ ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుంపుగా నిలబడి గుసగుసలాడుతున్నారు గానీ ఎవరూ లోపలికి పోవడం లేదు. ఏం చెప్పాలో తెలియక ఆగిపోయారు కాబోలు. లోపల ఒక చిన్న మనిషి నేల మీద కూర్చుని, ఒడిలో ఏమీ లేకపోయినా ఒడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు.

మేస్త్రీ గడప ఇవతలే ఆగాడు. ఇస్త్రీ అక్క నేరుగా లోపలికి వెళ్ళి, మోచేతి దాకా ఎర్ర రంగు ఎండిపోయిన చేత్తోనే ఆమె పక్కన కూర్చుంది.

ఆ తల్లి తలెత్తి చూసింది. "ఎవరమ్మా?"

"నీ కొడుకుతో పనిచేసేవాడి అమ్మని."

"మీవాడు?"

అక్క ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తెలీదనొచ్చు, ఆస్పత్రిలో ఉన్నాడనొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"ఉన్నాడమ్మా" అంది ఇస్త్రీ అక్క. "వాడు దిగాల్సిన వంతులో నీ బిడ్డ దిగాడు. అందుకే వచ్చాను."

ఆ తల్లి ఆమె మొహంలోకి అలాగే చూసింది. లేచి పొమ్మంటుందేమో, జుట్టు పట్టుకుని కొడుతుందేమో అనుకున్నాడు మేస్త్రీ. కొడితే అక్క పడుతుందనీ తెలుసు ఆయనకు. ఆ తల్లి చెయ్యి చాపి ఇస్త్రీ అక్క మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"వాడు పొద్దున అక్కడ ఏమైనా తిన్నాడో లేదో నీ కొడుక్కి తెలుసేమో అడగవా?" అంది. "ఇంట్లో తినకుండా పోయాడు."

"అడుగుతాను. వాడు రాగానే ఇక్కడికే తీసుకొస్తాను."

ఆమె చెయ్యి వదల్లేదు. ఇస్త్రీ అక్క విడిపించుకోనూ లేదు. మేస్త్రీ చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు.